బావ పేస్‌మేకర్ కేసుల నేను చెప్పని సాక్ష్యం

నిన్న పొద్దుగాల కోరుట్లల ఓ ఇంట్ల ప్రార్థన మొదలువెడుతున్న. ఫోన్ మోగింది. సిరిసిల్లకెల్లి మా సుగుణక్క.

"తమ్మీ, మీ బావ లేస్తలేడు."

గంతే.

నా చేతుల గ్రంథం తెరిచే ఉంది. ఏ పేజీ తీసిన్నో ఇప్పటికీ యాదికొస్తలేదు. నాకు గట్ల ఎన్నడు కాలే.

మా బావ రాజలింగం పోయిండు.

సిరిసిల్లల సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేసినోడు. నాలుగు సాంచాలు ఒక్కసారి నడుస్తుంటె ఏ దాంట్ల పోగు తెగిందో చప్పుడుతోనే చెప్పెటోడు.

నిన్నటి సంది అందరు ఆర్ఐపీ అని మెసేజ్‌లు పెడుతుండ్రు. వందనాలు. కని నేను ఒక మాట ఒప్పుకునేదుంది. ముఖ్యంగ మా ప్రార్థన సంఘపోళ్లు ఆఖరిదాంక చదువుండ్రి.

బావకు గుండె మరీ మెల్లగ కొట్టుకుంటుందని, పట్నంల ఓ ప్రైవేటు దవాఖానల పేస్‌మేకర్ పెట్టిండ్రు. దవాఖాన పేరు గిక్కడ రాస్తలేను, కేసు కాయితాలల్ల ఉంది. ఎడమ భుజం కింద చిన్న మిషన్, దాంట్లకెల్లి గుండెలకు సన్నని తీగ. మూడో దినం డిశ్చార్జి చేసిండ్రు.

ఆ దినమే, అక్క, బావ, నేను కార్ల ఇంటికి వస్తుంటె, బావ కడుపు అదురుడు షురువైంది.

టక్. టక్. టక్. అంగీ మీదికెల్లి కనవడుతుంది.

అక్క దవాఖానకు ఫోన్ చేసింది. "గ్యాస్ అమ్మా, గోలీ వెయ్యిండ్రి" అన్నరు.

బావ నవ్విండు. "ఏం బామ్మర్దీ, నా కడుపుల సాంచ బిగించిండ్రా ఏంది?"

నేను చెయ్యి పెట్టి చూసిన. నా అరచేతి కింద కొట్టుకుంది.

గప్పుడు నేనేమన్ననో తెల్సా?

"బావా, ఇది గ్యాస్ కాదు. దేవుని ఆత్మ నిన్ను ముట్టింది."

ప్రతి ఆత్మను నమ్మొద్దు, పరీక్ష చేసి చూడాలె అని వాక్యంల ఉంది. మైకు పట్టుకొని మీకు ఎన్నిసార్లు చెప్పిన్నో! నేను మాత్రం చెయ్యలే. రోగమున్నోనికి వైద్యుడు కావాలని ప్రభువే అన్నడు. కారు ఎనుకకు తిప్పుదామన్న మాట నా నోట్లకెల్లి రాలే.

వారం తర్వాత కోరుట్లల కూడిక. బావను ముందట నిలవెట్టిన. "రెండు చేతులెత్తి సాక్ష్యం చెప్పు" అన్న. ఎడమ చెయ్యి సగందాంక లేపి ఆగిండు.

నేనే పట్టుకొని పైకి లేపిన.

ఆ ఫోటోనే గీ ఫేస్‌బుక్‌ల పెట్టిన. మీరే లైకులు కొట్టిండ్రు.

చెకప్ తారీఖు వచ్చేసరికి సకల జనుల సమ్మె. బస్సులు బంద్. "తెలంగాణ వచ్చినంక పోదాం తియ్యి" అన్నడు బావ. నవ్వినం.

ఆ సమ్మెలనే ఓ దినం బండి మీద అక్కను ఎక్కించుకొని మా ఇంటికి వచ్చి, వాకిట్ల కూలిపోయిండు. ఆటోల ఏసుకొని జగిత్యాలకు ఉరికినం. రాస్తారోకో చేస్తున్న పోరగాండ్లు బావ మొఖం చూసి, అడ్డం పెట్టిన రాళ్లు వాళ్లే తీసి తొవ్వ ఇచ్చిండ్రు.

జగిత్యాల డాక్టర్ సాబ్ ఎక్స్‌రే తీసిండు. "తీగ కొస ఉండాల్సిన జాగల లేదు. కడుపు గందుకే అదురుతుంది. ఎప్పటి సంది?"

"డిశ్చార్జి అయిన దినం సంది" అన్నది అక్క.

ఆయన కండ్లద్దాలు తీసిండు. "మరి గిన్ని దినాలు ఏం చేసిండ్రమ్మా?"

అక్క నా దిక్కు చూసింది.

మళ్ల ఆపరేషన్. తర్వాత చీము. తిరుగుడే తిరుగుడు. సాంచాల షెడ్డుకు బావ మళ్ల పోలే. పట్నం దవాఖాన మీద కన్జ్యూమర్ ఫోరంల కేసు ఏసిండు.

దవాఖాన వకీలు ఏం తీసిండో తెల్సా? నేను పెట్టిన ఫోటో!

"చెయ్యి పైకెత్తొద్దని డిశ్చార్జి కాయితంల రాసిచ్చినం. ఎత్తిండు. తీగ గందుకే జరిగింది" అన్నడు.

ఆ కాయితం మొత్తం ఇంగ్లీషు. నోటితోని ఒక్కలు చెప్పలే. పంపేముందు తీగ సరిగ కూసుందా లేదా అని చూడలే. కడుపు అదురుతుందంటె గ్యాస్ అన్నరు. దీనికి దేవుని ముందటనే కాదు, ఫోరం ముందట గూడ జవాబు చెప్పాలె!

కని చెయ్యి ఎత్తకముందే కడుపు అదిరిందని ఎవలు చెప్పాలె? అక్క చెప్తె, భార్య గదా, గట్లనే అంటది అన్నరు. కారు డ్రైవర్ దుబాయి పోయిండు. మిగిలింది నేనొక్కన్నే.

సాక్ష్యం చెప్పుమని బావ అడిగిండు. "ప్రార్థన చేసి చెప్త" అన్న.

"ప్రార్థన తర్వాత చేద్దువు తియ్యి. ముందుగాల సంతకం పెట్టు" అన్నడు.

పెట్టలే. ఎనిమిది నెలలు తప్పించుకున్న. అదిరిన సంగతి చెప్తె, నేను దాన్ని ఆత్మ అన్న సంగతి గూడ బయటికొస్తది. గీయనకు ఊడిన తీగకు, దేవుని ముట్టుడుకు తేడా తెల్వదు అని మీరంటరని భయం.

అబద్ధ సాక్ష్యం పాపమని అరిచి చెప్పినోన్ని. నోరు మూసుకున్న సాక్షి ఏమైతడో నాకు నేను చెప్పుకోలే.

నిన్న సాయంత్రం మట్టి చేసినం. అక్క ఏడ్వలే. "వకీలు చెప్పిండు తమ్మీ, కేసు నా పేరు మీదికి మారుతదట. నేను ఇడువ" అన్నది. ఇంకేమడగలే నన్ను.

పొద్దుగాలనే జగిత్యాలకు వచ్చిన. వకీలు ఆఫీసు మెట్ల మీద కూసోని ఇది రాస్తున్న. అఫిడవిట్ అయిపోయింది. కారు, కడుపు, నేనన్న మాట, నేను లేపిన చెయ్యి, అన్నీ తారీఖులతో రాయించిన. వాయిదకు పోయి నిలవడి గూడ చెప్త. అడ్డం ప్రశ్నలు ఎన్నన్న అడగనీ.

ఇది చదివినంక నా వెనుక ప్రార్థనకు కూసుంటరో కూసోరో మీ ఇష్టం. అక్కకు మాత్రం తోడుండుండ్రి.

సంతకం పెట్టిన బావా. నువ్వు బతికుండంగ పెట్టేదుండె. నన్ను మన్నించు.

ప్రభువు నీకు నొప్పి లేని నిద్ర ఇయ్యాలె.