నీలం నుంచి ఇటుక రంగు దాకా

మదనపల్లెలో ఇంటర్ బైపీసీ చదివే రోజుల్లో నేను దొంగిలించింది ఒకే ఒక్క వస్తువు, అరసీసా బెనెడిక్ట్ ద్రావణం. ల్యాబ్ అటెండర్ చూసి కూడా అటు తిరిగి నిలబడ్డాడు కాబట్టి అప్పట్లో దాన్ని అనుమతి అనుకున్నాను.

ఆకాశం రంగులో ఉండే ఆ మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, అందులో గ్లూకోజు ఉందో లేదో రంగే చెప్పేస్తుంది. లేకపోతే నీలంగానే ఉంటుంది. కొంచెముంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, దండిగా ఉంటే ఇటుక రంగు. క్లాసులో అది చూసినప్పుడే నాకు పుంగనూరులో ఉన్న తాత గుర్తొచ్చాడు.

తాతది శనక్కాయల వ్యాపారం. డాక్టరు చక్కెర జబ్బని చెప్పి ఆర్నెల్లయినా ఆయన ఒప్పుకోలేదు. ఆయన మీద నమ్మకం లేక అవ్వ, ఇంట్లోకి ఏ మిఠాయి పొట్లం వచ్చినా లాక్కుని చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేది. తాళంచెవి రొంటిన దోపుకునేది.

సీసాతో పుంగనూరు పోయి, ఆదివారం పొద్దున నేను స్టవ్వు దగ్గర పరీక్షనాళిక పెట్టగానే అవ్వ అడ్డుపడింది.

"అట్లాటివి నా వంటింట్లో కాచేది లేదు. పెరట్లోకి పో."

కిరసనాయిలు స్టవ్వు మోసుకుని పెరట్లోకి పోయాను. అక్కడ ఇంకో షరతు పెట్టింది. "ముందు చక్కెర వేసి సూపించు. అది కనపడితే నమ్ముతా."

న్యాయమైన మాటే. చక్కెర నీళ్లు వేసి మరిగించాను. నీలం. ఇంకాసేపు మరిగించాను. నీలమే. గుడ్డలుతికే బండ మీద కూర్చున్న తాత పొలమారేదాకా నవ్వాడు.

"గిన్నెలో చక్కెరే కనపడనిదానికి నా ఒంట్లోది యాడ కనపడతాదమ్మా?"

సోమవారం కాలేజీలో మేడమ్‌ని అడిగాను. ఆవిడ బోర్డు మీద రెండు బొమ్మలు గీసింది. మనం కాఫీలో వేసుకునే చక్కెరలో గ్లూకోజు, ఫ్రక్టోజు ఒకదాని చేతులు ఒకటి పట్టుకుని ఉంటాయట. మందులోని రాగి లోహాన్ని పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి మిగలదు. ఒంటరి గ్లూకోజుకు ఆ ఇబ్బంది లేదు. అదే గ్లూకోజు వందలు, వేలుగా గొలుసు కడితే పిండిపదార్థం. అన్నమైనా, రాగి సంగటైనా అంతే. "ఎవరి కోసం అడుగుతున్నావు?" అంది మేడమ్. సీసా సంగతి గుర్తొచ్చి, "పరీక్షల కోసం" అన్నాను.

మరుసటి ఆదివారం గ్లూకోజు పొడి డబ్బాతో దిగాను. చిటికెడు వేసి మరిగిస్తే ఇటుక రంగు వచ్చేసింది. అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. తాత నవ్వలేదు గానీ, నేను చెప్పిన గొలుసు కథ మాత్రం శ్రద్ధగా విన్నాడు. ఒట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "అవును పాపా, తీపెక్కుతాండాది."

"నీ ఎంగిలి ఆ గొలుసును తుంచుతాంది తాతా."

"అన్నం గూడా చక్కెరే అయితే, మైసూరుపాకు ఒక్కటి చేసిన పాపమేమి?"

అన్నం కూడా తగ్గించాలనే జవాబు ఉంది గానీ, అది ఆ ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

తాతకు ఖాళీ సీసా ఇచ్చి బాత్రూముకు పంపాను. కాలేజీలో పోల్చడానికి ఆరోగ్యవంతులది కూడా పక్కన పెడతారని చెబితే, అవ్వ ఛాతీ విరుచుకుంది. "నాది పెట్టు. నాకు జరమొచ్చి ఎన్నేండ్లయిందో!"

రెండు నాళికలు పక్కపక్కనే మరిగించాను. తాతది నీలంగా, పొద్దుటి ఆకాశంలా ఉండిపోయింది. అవ్వది ఆకుపచ్చయింది, పసుపయింది, నారింజ రంగుకొచ్చి ఆగింది.

"ఈయప్ప సీసాలు మార్చేసినాడు!" అని అరిచింది అవ్వ.

"నీ మీద ఒట్టు, మార్చలేదే! నా సీసాలో తొట్టినీళ్లు పోసినాను, అంతే!" అన్నాడు తాత. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఈసారి సీసాల మీద పేర్లు అంటించి, తాతను బాత్రూము తలుపు దాకా నేనే తీసుకుపోయాను. తాతది పసుపు రంగు. అవ్వది మళ్లీ నారింజే.

"ఏమే, బీరువాలో పెట్టిన పొట్లాలన్నీ ఏమైపాయ?" అని తాత మెల్లగా అడిగాడు.

అవ్వ కొంగు సర్దుకుంది. "పారేసేదానికి మనసొప్పలేదప్పా. దినానికి ఒకటే తింటాండా."

తాత పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టాడు కూడా. అంతలో అవ్వ మొహం చూసి ఆపేశాడు. ఆమె నిజంగానే భయపడింది. అల్లరికి మొదలుపెట్టిన పని ఇట్లా తిరిగేసరికి నేను స్టవ్వు ఆర్పేశాను.

ఆ వారమే ఇద్దరినీ కుప్పంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. రక్తం చూసి డాక్టరు ఇద్దరికీ ఉందన్నాడు. అవ్వకే ఎక్కువన్నాడు. ఆ మాటకు తాత గెలిచినవాడిలా కండువా సవరించుకున్నాడు. మాత్రలు రాసి, అన్నం, సంగటి కొలిచి తినమని, రోజూ నడవమని చెప్పి పంపాడు.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుని పలమనేరు దాకా మందుల చీటీ మడతపెడుతూ, విప్పుతూ ఉంది. పలమనేరులో తాత లేచి, నన్ను వెనక సీటుకు పంపి ఆమె పక్కన కూర్చున్నాడు.

"యాల భయపడతావు? నేను ఆర్నెల్లుగా బాగనే ఉండానే."

"నువ్వు బాగుండేది నేను కాపలా కాసినందుకు," అంది అవ్వ.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇద్దరూ రోజూ పొద్దున్నే నడకకు పోయేవారు. తాత ముందు, అవ్వ పదడుగులు వెనక. ఆమెకు కనపడకుండా ఆయన బేకరీ సందులోకి తిరగడానికి వీల్లేదన్నమాట. వెనక వచ్చే ఆమె ఆ సందు దగ్గర ఎక్కడ ఆగిపోతుందోనని తాత కూడా మాటిమాటికీ తల తిప్పి చూసేవాడు.