రామాంజి సారు రాణి రంగు బూట్లు

బద్వేలులో మా బడి మొదటి గంట కొట్టకముందే మైదానంలో ఒక విజిలు మోగుతుంది. అది రామాంజి సారుది. వయసు యాభై ఎనిమిది, ఉద్యోగం డ్రిల్లు మాస్టారు, నోరు మాత్రం ఆ విజిలు కంటే పెద్దది. నేను అదే బడిలో లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పరీక్షల పేరు చెప్పి ఆయన పీరియడ్లు లాక్కుంటూనే ఉన్నాను, ఆయన నన్ను తిట్టుకుంటూనే ఉన్నారు. ఇంత సఖ్యత ఉంది కాబట్టి ఆయన గురించి రాసే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను.

ఆయనకు రెండు పట్టుదలలు. శనివారం తెల్ల డ్రెస్సు నాడు పిల్లల కాన్వాస్ బూట్లు తెల్లగా మెరవాలి. పాలిష్ లేదంటే సుద్దముక్క అయినా రుద్దుకుని రావాలి. నా సుద్దముక్కలు సగం అలాగే ఖర్చయ్యాయి. రెండోది, పరుగు కాళ్లలో ఉండాలి గాని బూట్లలో కాదు. ఆయన తొలి పతకం అనంతపురంలో ఉత్తకాళ్లతో పరిగెత్తి తెచ్చుకున్నారు. ఆ కథ ఎన్నిసార్లు విన్నానంటే, మధ్యలో ఆయన మరిచిపోయిన చోట నేనే అందిస్తాను.

ఆయన చేతి కింద తయారైన పిల్లల్లో గట్టిది శిరీన్. టైలరు నబీ సాహెబ్ కూతురు. ఆరో తరగతిలో ఈ మైదానంలో మొదలుపెట్టిన పరుగు ఆమెను కడపలో పోలీసు కానిస్టేబులు ఉద్యోగం దాకా తీసుకెళ్లింది. ఏటా సెప్టెంబరు ఐదున పొద్దున్నే సారుకు ఆమె దగ్గర నుంచి ఫోను వచ్చేది. ఆ రోజు ఆయన ఫోను చేతిలోనే పట్టుకుని, ఇంకెవరికో చేయాల్సిన పని ఉన్నట్టు నటిస్తూ వరండాలో తిరిగేవారు. ఆమె అంటే ఆయనకు ప్రాణం. ఆ మాట ఆమెకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

కడపలో ఏటా జనవరిలో పది కిలోమీటర్ల రోడ్డు పరుగు జరుగుతుంది. పోయిన ఏడాది అందులో ఆడవాళ్లలో శిరీన్ మొదటి స్థానంలో వచ్చింది. కాళ్లకు కార్బన్ ప్లేటు బూట్లు వేసుకుంది. ఈమధ్య రోడ్డు పరుగుల్లో ముందు వచ్చేవాళ్లలో చాలామందికి అవే. అరికాలి కింద మూడు వేళ్ల మందం మెత్త, ఆ మెత్తలో పలచటి నల్ల ప్లేటు ఉంటుంది. అడుగు వేసినప్పుడు కొంచెం వంగి, కాలు లేపేటప్పుడు ముందుకు తోస్తుంది. ఆ పిల్ల జీతంలో మిగుల్చుకుని కొనుక్కుంది.

బహుమతుల తర్వాత వందన సమర్పణకు మైకు రామాంజి సారు చేతికిచ్చారు. ఆయనకు మైకు ఇవ్వకూడదని బద్వేలులో అందరికీ తెలుసు. కడపలో తెలియదు.

"ఈ పొద్దు గెల్చింది మా శిరీన్ కాదప్పా. ఆ పాప ఏసుకున్న బూట్లు గెల్చినాయి. కప్పు వాటికే ఇయ్యాల" అన్నారు.

జనం నవ్వారు. సారు కూడా నవ్వారు. శిరీన్ నవ్వలేదు. ఆయనకు దండం పెట్టి, కప్పు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సెప్టెంబరు ఐదున ఫోను రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ సారు నా దగ్గరికి వచ్చి, "మేడం, నా ఫోను పనిచేస్తాందో లేదో కొంచెం చూడండి" అన్నారు. చూసి, బాగానే పనిచేస్తోందని చెప్పాను. అందుకు ఆయనకు నా మీద కోపం వచ్చింది.

"మీరే ఒకసారి చేయొచ్చు కదా సార్" అన్నాను.

"నేనేం తప్పు మాట్లాడినా? ఉండే మాటే గదా చెప్పింది" అని విజిలు మెడలో వేసుకుని వెళ్లిపోయారు. ఆరోజు ఎనిమిదో తరగతి పిల్లలు ఎందుకో తెలియకుండానే మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టారు.

దసరాకు కర్నూలు నుంచి సారు అల్లుడు రాఘవేంద్రప్రసాద్ వచ్చాడు. అతను ఉత్సాహం కొద్దీ కార్బన్ ప్లేటు బూట్లు కొని, పదిహేను రోజులు పరిగెత్తి, మోకాలు పట్టేసి మానుకున్నవాడు. ఆ బూట్లు మామగారికి ఇచ్చి వెళ్లాడు. రంగు అచ్చం రాణి రంగు. సారు భార్య నాగరత్నమ్మ వాటిని చూసి, "ఈయప్పకంటే పెండ్లికూతురికి బాగుంటాయి" అంది. నంబరు ఎనిమిది. సారు కాలు తొమ్మిది. ఊరికే వచ్చిన వస్తువుకు సైజు చూసే అలవాటు మా ఊళ్లో లేదు.

మర్నాడు సారు ఒక లెక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "మేడం, ఇవి ఏసుకుంటే ఎవురైనా గెల్చచ్చని లెక్క తేల్చల్ల. అప్పుడు నేను చెప్పిందే కరెక్టని ఆ పాపకు కూడా తెలుస్తాది."

నాకు సుగర్ ఉంది, ఎలాగూ పొద్దున నడవాలి. నాగరత్నమ్మను తోడు తీసుకుని వారం రోజులు బైపాసు రోడ్డుకు వెళ్లాను. మైదానంలో వద్దన్నారు సారు, అక్కడ ఊరంతా చూస్తుందట. ఐదు కిలోమీటర్లు, మూడు రోజులు కాన్వాస్ బూట్లతో, మూడు రోజులు రాణి రంగు బూట్లతో. గడియారం నా చేతిలో, వాటర్ బాటిల్ నాగరత్నమ్మ చేతిలో.

కాన్వాస్ బూట్లతో సగటు ఇరవై నాలుగు నిమిషాల పది సెకన్లు. కొత్త బూట్లు వేసుకున్న మొదటి రోజు ఆయన మమ్మల్ని దాటి వంద గజాలు వెళ్లిపోయి వెనక్కి వచ్చారు. "ఆగలేకపోయినా మేడం, అవే తోస్తాండాయి" అన్నారు. ముఖమంతా నవ్వే. ఇన్నేళ్లలో ఆయన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. మూడు రోజుల సగటు ఇరవై మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.

"యాభై ఎనిమిది సెకన్లు తగ్గింది సార్. నూటికి నాలుగు" అన్నాను.

"చూసినారా? బూట్లే."

"ఆ నాలుగూ బూట్లవి. తక్కిన తొంభై ఆరు ఎవరివి?"

లెక్కల టీచర్లతో వచ్చిన చిక్కే ఇదని సణుక్కుంటూ ఆయన బూట్లు విప్పుకున్నారు. తేల్చాలనుకున్నది తేలకపోయినా వాటిని అల్లుడికి తిరిగి పంపలేదు. ఎందుకో నాకు తెలుసు. కడప పరుగులో యాభై ఐదు దాటినవాళ్ల వరసలో మూడేళ్లుగా ఆయన రెండో స్థానమే. కర్నూలు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ తాసిల్దారు ఆయన కంటే అర నిమిషం ముందు చేరుకుంటాడు. పది కిలోమీటర్లకు నూటికి నాలుగంటే రెండు నిమిషాల దాకా వస్తుంది. ఆ మాత్రం లెక్క డ్రిల్లు మాస్టార్లకు కూడా వస్తుంది.

చిక్కల్లా ఆ రంగుతోనే. అంతమందిలో మైకు పట్టుకుని ఆ మాట అన్న మనిషి, రాణి రంగు బూట్లతో కడప రోడ్డు మీదికి ఏ ముఖం పెట్టుకుని వస్తాడు? ఇంకొకరైతే పరుగైనా మానుకునేవారు, బూట్లయినా మానుకునేవారు. రామాంజి సారు ముప్పై ఏళ్లుగా తనకు తెలిసిన పనే చేశారు. కాన్వాస్ బూట్లకు పూసే తెల్ల పాలిష్ తెచ్చి, ఆ బూట్లకు నాలుగు కోటింగులు వేశారు. పెరట్లో ఎండబెట్టారు. దూరం నుంచి చూస్తే బడి బూట్లే, కాస్త బలిసినట్టున్నాయి అంతే.

ఈ సంగతి నాకు నాగరత్నమ్మ చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

పరుగు రోజు గమ్యం దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్ల నంబర్లు రాసే పని నాకు అప్పజెప్పారు. తాడు పక్కన ఖాకీ డ్రెస్సులో శిరీన్ నిలబడి ఉంది, బందోబస్తు డ్యూటీ. ఈ ఏడాది పరుగుకు పేరు ఇవ్వలేదు.

"ఎందుకమ్మా?" అన్నాను.

"డ్యూటీ పడింది మేడం."

"మార్పించుకోవచ్చు కదా."

ఆమె తాడు సరిచేస్తూ, "ఏం లాభం మేడం. గెలిస్తే బూట్లు గెల్చినాయంటారు. ఓడితే అవి ఏసుకుని కూడా ఓడిందంటారు" అంది.

నాకు సారు మీద మండిపోయింది. తమాషాకు అన్న ఒక్క మాట ఆ పిల్ల చేత పరుగే మాన్పించింది. ఆ మనిషేమో బూట్లకు సున్నం కొట్టుకుని పరిగెత్తుతున్నాడు.

ఎండ ఎక్కింది. జనవరి అయినా కడప కడపే. దారిలో నీళ్ల బల్లల దగ్గర అందరూ సగం తాగి సగం తల మీద పోసుకుంటున్నారు. నెత్తి మీద పోసుకున్న నీళ్లు చివరికి కాళ్ల మీదికే వస్తాయని మా సారుకు తట్టలేదు.

నలభై ఆరు నిమిషాల మీద కొన్ని సెకన్లకు ఆయన మలుపు తిరిగారు. తాసిల్దారు ఇంకా రాలేదు, వెనక కనుచూపు మేరలో కూడా లేడు. ఎడమ బూటు పూర్తిగా రాణి రంగు, కుడి బూటు సగం తెలుపు, సగం గులాబి. పిక్కల మీద తెల్ల చారలు. ఆయన వెనక తారు రోడ్డు మీద, కృష్ణాష్టమికి గడప నుంచి వేసే పాదాల్లాగా, తెల్లటి అడుగులు వరసగా పడుతూ వచ్చాయి.

మైకులో వ్యాఖ్యానం చెప్పే ఆయన ఆగలేకపోయాడు. "బద్వేలు డ్రిల్లు సార్ వస్తాండారు. సార్ బూట్లు రంగు మారుస్తాండాయప్పా" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. సారు తాడు దాటి నాలుగు అడుగులు వేసి, ఫుట్‌పాత్ గట్టు మీద కూలబడ్డారు. తల ఎత్తలేదు. నవ్వుదామని సిద్ధంగా ఉన్న నాకు ఆ తల చూసి నవ్వు రాలేదు.

శిరీన్ ఫస్ట్ ఎయిడ్ పెట్టె తీసుకుని వెళ్లి ఆయన ముందు గొంతుకూర్చుంది. నేను పుస్తకం పక్కనున్నాయనకు ఇచ్చి వెనకే వెళ్లాను. ఆమె ఏమీ అడగకుండా లేసులు విప్పి బూట్లు లాగింది. సాక్సు బొటనవేలి దగ్గర ఎర్రగా తడిసి ఉంది. ఒక గోరు నల్లబడి లేచింది. మడమల మీద చర్మం ఊడి వచ్చింది. ఒక నంబరు చిన్న బూట్లలో పది కిలోమీటర్లు మరి.

సారు నేల చూస్తూనే మాట్లాడారు. "కప్పు నేను తీసుకోనమ్మా. నీకు చెప్పిన మాటే నాకూను. గెల్చింది నేను కాదు, బూట్లు."

మొండి మనిషే గాని మనిషికొక న్యాయం చెప్పేవాడు కాదు.

శిరీన్ దూదితో మడమ తుడుస్తూ, "అట్లయితే ఈ బొబ్బలు ఎవురియి సార్? బూట్లవేనా?" అంది.

ముప్పై ఏళ్లుగా పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగిన మనిషి ఆయన. ఇప్పుడూ ప్రశ్నే అడిగారు, కాని మెల్లగా. "నీకు కూడా అయినాయా?"

"రెండు గోర్లు పోయినాయి సార్. ఆ పొద్దు స్టేజీ మీద నిలబడింది అట్లనే."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెమట అనుకోమన్నట్టు ముఖం తుడుచుకున్నారు. తర్వాత లేచి, ఉత్తకాళ్లతో, మడమ నేలకు ఆనకుండా స్టేజీ ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లి, వ్యాఖ్యానం చెప్పే ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆయనకు మైకు దొరికిందంటే అర గంట అని నేను కుర్చీ వెతుక్కున్నాను. అవసరం రాలేదు.

"పోయిన సంవత్సరం ఇదే మైకులో నేనొక మాట చెప్పినా. అది తప్పు. ఆ కప్పు శిరీన్‌ది. ఆ పొద్దు నేను బూట్లు చూసినా గాని ఆ పాప కాళ్లు చూడల్యా."

అంతే. మైకు ఇచ్చేసి దిగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ఏడ్చాను, దాచడం దేనికి.

శిరీన్ టోపీ సరిచేసుకుని కాసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడింది. అడ్డం లేని ఆటోను కూడా పక్కకు పొమ్మని చెయ్యి ఊపింది. తర్వాత మా దగ్గరికి వచ్చి, సారు ముఖం చూడకుండా ఆయన కాళ్లకేసి చూస్తూ అంది.

"వచ్చే సంవత్సరం నా పేరు రాయించుకుంటా సార్. మీరు మాత్రం తొమ్మిది నంబరు తెచ్చుకోండి."