లంక పిల్లలు వచ్చేదాకా

మొన్న ఉదయం నెల సరుకుల లెక్క చూసుకుంటుండగా, మా ఇంగ్లీషు టీచరుగారు పోయారని ఫోను వచ్చింది. పెన్నుకు మూత పెట్టి, చీర మార్చుకుని రేవుకు బయల్దేరాను. ఆవిడ ఇల్లు గోదావరికి అవతల, మేం చదివిన బడి పక్క వీధిలో. నేను పుట్టిందీ మెట్టిందీ ఏటి నడుమ ఉన్న ఈ లంకలోనే. ఇక్కడినుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా ఇప్పటికీ పడవే.

ఆ పడవ వల్లే నా చదువు ఆగిపోవలసింది.

మేం పదో తరగతికి వచ్చిన ఏడు కొత్త హెడ్మాస్టారు వచ్చారు. ప్రార్థన మొదలవగానే గేటు వేయించేవారు. ఆలస్యమైనవాళ్ళు మొదటి పీరియడంతా బయట ఎండలో నిలబడాలి. రోజూ నిలబడేది లంక పిల్లలమే. సంగతి తెలిసి మా నాన్న, "నిలబడ్డానికైతే అంత దూరమెందుకే? మన పాక దగ్గర నిలబడు, గేదెలకి గడ్డేద్దువుగాని" అన్నారు. నవ్వుతూనే అన్నా, సోమవారం నుంచి మాన్పించేద్దామని అమ్మతో చెప్పేశారు.

ఆ మాట టీచరుగారితో చెప్పుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. "రేపు మీ పడవ ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు.

మర్నాడు తొలి పడవలో లంకకు వచ్చి, నల్ల గొడుగు వేసుకుని మాతోపాటు రేవులో నిలబడ్డారు. పాలకేన్లన్నీ ఎక్కేదాకా పడవవాడు మమ్మల్ని ఎక్కనివ్వలేదు.

"పిల్లలకి బడి టైమైపోతోంది బాబూ."

"ఆయ్, నిజమేనండి. కానీ పాలైతే విరిగిపోతాయండి. పిల్లలు విరిగిపోరు కదండీ!"

"విరుగుతారు. నువ్వు చూడలేదంతే."

మేం చేరేసరికి గేటు వేసేశారు. టీచరుగారు మా వరస చివర నిలబడ్డారు. ప్యూను తాళం తీయబోతే వద్దన్నారు. కాసేపటికి హెడ్మాస్టారే పరుగున వచ్చారు.

"ఇదేంటండీ మేడంగారూ, మీరు ఎండలో!"

"ఆలస్యంగా వచ్చేనండి. రూలు అందరికీ ఒకటే కదండీ."

"నేను డిసిప్లిన్ కోసం పెట్టేనండి..."

"మంచి మాటేనండి. లాటిన్‌లో నేర్చుకునేవాడు అనే మాటలోంచి పుట్టింది. మొదట దానికి చదువు చెప్పడమనే అర్థమండి, దండన తరవాతెప్పుడో వచ్చి చేరింది. ఈవేళ నేను పడవెక్కి ఒకటి నేర్చుకున్నాను. ఈ పిల్లలు బద్ధకస్తులు కారండి. పాలకేన్లు ఎక్కాకే వీళ్ళని ఎక్కిస్తారు."

హెడ్మాస్టారు ప్యూను చేతిలోంచి తాళంచెవి తీసుకున్నారు. తరవాత తనే గేటు తీశారు. మా మీద గేటు వేయడం ఆ రోజుతో ఆగింది. పోయిన పాఠం టీచరుగారు అన్నాల వేళ చెప్పేవారు, ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని, కుడిచేత్తో ముద్ద కలుపుకుంటూ.

ఆ సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను. "టీచరుగారే నిలబడ్డారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. సోమవారం నా పుస్తకాల సంచీ ఆయనే పడవలో పెట్టారు. మా లంకలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్లలం మేమే. ఈ మాట ఎవరితోనైనా గర్వంగానే చెబుతాను.

"ముందు తెలుసుకో, తరవాత తిట్టు" అనేవారావిడ. మా అబ్బాయి పొద్దుపోయి ఇల్లు చేరినప్పుడల్లా ఆ మాట అడ్డొస్తుంది. సగం తిట్లు గొంతులోనే ఆగిపోతాయి.

మొన్న కూడా పడవ ఆలస్యమే. ఈపాటికి తీసుకెళ్ళిపోయి ఉంటారనుకుంటూ, అప్పటి మా తరగతి ఆడవాళ్ళం రేవునుంచి పరుగులాంటి నడకతో వెళ్ళాం. పాడె సిద్ధంగా ఉంది. జనం ఎండలో నిలబడి ఉన్నారు. టీచరుగారి అమ్మాయి ఎదురొచ్చింది.

"రండక్కా. లంక పిల్లలు వచ్చేదాకా ఎత్తొద్దని అమ్మ ముందే చెప్పిందండి."

పిల్లలమట! మాలో తల నెరవనివాళ్ళు లేరు.

వాళ్ళ గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. గాలికి మూసుకోకుండా ఎవరో ఇటుకలు అడ్డం పెట్టారు.