వరదలో వచ్చిన పిన్ని

గోదావరికి వరదొస్తే మా బడికి సెలవు, నాకు మాత్రం కాదు. నది మధ్య లంకల్లో ఉండే జనమంతా మా తరగతి గదుల్లోకి వచ్చేస్తారు. ఏటా ఇదే తంతు. పులిహోర, పాలప్యాకెట్లు, ఏడ్చే పిల్లలు, మూలిగే ముసలాళ్లు. ఇంక నా వల్ల కాదు బాబోయ్ అని ఏటా అనుకుంటాను, ఏటా కొంగు దోపుకుని నిలబడతాను.

లంకవాళ్లు మొదటి పడవలో పిల్లల్ని ఎక్కించేస్తారు. పెద్దవాళ్లు పశువుల్ని గట్టుకు చేర్చి తరువాత వస్తారు. నిరుడు అలాగే ఓ నాలుగేళ్ల పిల్ల ఒక్కతే వచ్చింది. గేదె ఈనబోతోందని వాళ్లమ్మ ఆగిపోయిందట. "మా గేదెకి దూడ పుడతాది. అమ్మ దాన్ని కూడా తెత్తాది" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ, నా కొంగు పట్టుకుని తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం మేం అన్నాలు వడ్డిస్తుంటే ఒకావిడ వచ్చింది. శుభ్రమైన చీర, చేతిలో బిస్కెట్ ప్యాకెట్.

"మా అక్క కూతురండి. మా ఇంటికి తీసుకెళ్తాను."

పిల్ల బిస్కెట్ అందుకుని "పిన్నీ" అంటూ ఆవిడ ఒళ్లో కూర్చుంది.

"గుర్తుపట్టింది కదండీ, పంపించేయండి మేడమ్. ఒక తలనొప్పి తగ్గుతుంది" అన్నాడు నాతో వడ్డిస్తున్న మాస్టారు.

నిజం చెప్పొద్దూ, నాకూ పంపించేయాలనే అనిపించింది. నిద్ర లేదు, నడుము పట్టేసింది. కానీ మన వైపు పిల్లలకి ఏ ఆడమనిషి కనబడినా పిన్నో అత్తో. గాజులమ్మే ఆవిడా పిన్నే. అలా పిలవమని నేర్పేదీ మనమే, పిలవకపోతే కసిరేదీ మనమే.

"పిల్ల పేరేంటమ్మా?" అని అడిగాను.

"ఇంట్లో బుజ్జి అంటామండి."

ఈ చుట్టుపక్కల బుజ్జి కాని ఆడపిల్ల ఎక్కడుంది, నా తల్లీ!

"మీ అక్క ఎందుకు ఆగిపోయింది?"

ఆవిడ తడుముకుంది. "సామాన్లు సర్దుకుంటోందండి."

గేదె ఊసే లేదు. పిల్లని లాక్కుని చంకన వేసుకున్నాను. బిస్కెట్ కింద పడిందని అది గుక్కపట్టి ఏడ్చింది.

"మీ అక్క వచ్చేదాకా కూర్చోండి. భోంచేయండి" అన్నాను.

"సొంతవాళ్లని కూడా నమ్మరా అండి?" అని ఆవిడ కళ్లొత్తుకుంది. పంక్తిలో ఉన్న ఆడవాళ్లు నన్నే అన్నారు, ఈ టీచరమ్మకి జాలి లేదని. ఏమైనా అనుకోండి, ఇవ్వనన్నాను. ఆవిడకి విస్తరి తెచ్చేసరికి మనిషి లేదు.

సాయంత్రం పడవలో పిల్ల తల్లి వచ్చింది, తువ్వాలు కప్పిన దూడని ఒళ్లో పెట్టుకుని.

"మీ చెల్లెలు వచ్చి వెళ్లిందమ్మా" అన్నాను.

"చెల్లెలేంటండి? నాకు అన్నదమ్ములే."

అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. మాస్టారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. పోలీసులకి చెప్పాం. ఆవిడ ఎవరో ఈనాటికీ తెలియలేదు.

వరద తీశాక ఆ తల్లీకూతుళ్లు మళ్లీ పడవెక్కారు. పిల్ల దూడ మెడ చుట్టూ చెయ్యి వేసి నావైపు తిరిగింది.

"టాటా పిన్నీ!"

ఇంకెవర్నీ అలా పిలవకే అని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేక చెయ్యి ఊపాను.