స్టీరింగ్‌కీ గొట్టానికీ మధ్య

మొన్న ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట రెండు పెద్ద గొట్టాల మధ్య చెయ్యి దూరని సందు కొలవాల్సి వచ్చింది. మెస్సు వంటవాణ్ని అడిగి గుప్పెడు చపాతీ పిండి తెప్పించి, అందులో కుక్కి, మెల్లగా బయటికి లాగి మందం కొలిచాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఈ కొలత పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నది కాదు. పదేళ్ల కిందట మా అక్క వంటింట్లో దొరికింది. పిండి వేళ్లకు అంటుకోగానే ఆ కారు గుర్తొచ్చింది. ఇక ఆ పూట పనిమీద మనసు నిలవలేదు.

అక్క భర్తను నేను బావా అంటాను, ఆయనా నన్ను బావా అంటాడు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ నడిపేవాడు. ఒక తుఫానులో ఆయన తమ్ముడు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. ఇక సముద్రం మీదికి వెళ్లనని అక్క ఆయన చేత సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించుకుంది. పుట్టినప్పటి నుంచి నీళ్లమీద బతికినవాడు నేలమీద ఏం చేసి బతకాలన్నది మాత్రం ఆ ఒట్టులో లేదు. దానికి జవాబు వన్ టౌన్‌లో ఒక గోదాము వెనక దొరికింది. తెల్లదొరల కాలం నాటి సీమ కారు. గుండ్రటి వీపు, తుప్పు పట్టని డోర్లు, ఇంజిన్ లేదు, వెనక సీట్లో కోడి పొదుగుతోంది. తన పడవ ఇంజిన్ తీసి దానికి పెట్టి, సింహాచలం యాత్రికులకు టాక్సీ తిప్పుతానన్నాడు బావ. కోడి పిల్లలు లేచేదాకా ఆగి కారు తెచ్చుకున్నాం.

చిక్కులను వరసగా పేర్చుకోవడం నాకు అలవాటు. మొదటిది ఇంజిన్ పొడవు, రెండోది బరువు, మూడోది గేరుపెట్టెతో జత. ఈ మూడూ తీరాయి. నాలుగోది పొగ. పడవలో పొగగొట్టం చుట్టూ సముద్రం నీళ్లు తిరుగుతూ చల్లబరుస్తాయి. బావ దానిమీద లుంగీ ఆరేసుకునేవాడు. ఆ నీళ్ల తొడుగు కారులో పట్టలేదు. నాలుగు సన్నటి గొట్టాలు వంచి, చివర ఒకటిగా కలపాలి. పొగ వచ్చే రంధ్రాలు ఇంజిన్‌కు కుడివైపున ఉన్నాయి. స్టీరింగ్ రాడ్డు దిగేదీ, దాని పెట్టె ఉండేదీ అక్కడే.

“ఎడం పక్క బోలెడు ఖాళీ ఉన్నాది బావా. ఈ ఇంజినుకి బుద్ధి నేదు,” అన్నాడు బావ.

గొట్టం నొక్కుకుపోకుండా వంగాలంటే లోపల ఇసుక నింపి, కాల్చి వంచాలి. తడి ఇసుకైతే వేడికి పేలుతుంది. అందుకని బీచి ఇసుకను అక్క మూకుట్లో వేసి పేలాలు వేయించినట్టు వేయించేది. గొట్టం బిగించాక, దానికీ స్టీరింగ్‌కీ మధ్య నేను గోధుమపిండి ముద్ద పెట్టేవాణ్ని. బావ స్టీరింగ్ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా తిప్పేవాడు. నలిగిన ముద్ద తీసి మందం చూసేవాణ్ని.

“ఏటిరా, రేషను పిండంతా ఇనుముకి తినిపిత్తన్నావు. మీ బావకేటి పెట్టమంతావు?” అంది అక్క.

“నాకు పెట్టకపోయినా పర్నేదే. కారు తింతే మనం తింతాం,” అన్నాడాయన కారు కిందనుంచి.

చివరికి వేలెడు సందు మిగిలింది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే పళ్లు కదిలేంత వణుకు. పడవలోనైతే దుంగలకు బిగించి వదిలేస్తారు. ఇక్కడ కూర్చునేది యాత్రికులు. జెట్టీకి పడవలు రాసుకోకుండా వేలాడదీసే టైర్లు ఉంటాయి కదా, వాటిలో మెత్తటి రబ్బరు చూసి కోసి ఇంజిన్ కింద పెట్టాడు బావ. వణుకు తగ్గింది. అక్క వెనక సీట్లో కూర్చుని, “ఉయ్యాల్లా ఉన్నాది,” అని నవ్వింది. ఆమె అంత నిశ్చింతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

వాహన పూజకు సింహాచలం బయల్దేరాం. చక్రాల కింద పెట్టాల్సిన నిమ్మకాయలు అక్క ఒళ్లో ఉన్నాయి. సముద్రంలో ఇంజిన్ తోసేది నీళ్లను. ఎంత గట్టిగా తోసినా నీళ్లు తప్పుకుంటాయి. కొండ తప్పుకోదు. ఎత్తు మొదలవగానే ఇంజిన్ ఆ మెత్తటి రబ్బరు మీద కుడివైపుకు ఒరిగింది. ఎర్రగా కాగిన గొట్టం స్టీరింగ్ పెట్టెకు ఆనుకుంది. గ్రీజు కాలిన వాసన వచ్చింది. మలుపులో స్టీరింగ్ తిరగలేదు. బావ బ్రేకు తొక్కితే బండి పిట్టగోడను ఆనుకుని ఆగింది. నిమ్మకాయలు దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. చల్లారేదాకా కూర్చుని, పూజ లేకుండానే దిగొచ్చాం.

ఆ తర్వాత గొట్టాన్ని కిందికి వంచాం, రోడ్డు రాళ్లు తగిలాయి. ముందుకు వంచాం, ఫ్యాను అడ్డొచ్చింది. ఇంజిన్‌ని గట్టిగా బిగించాం, వెల్డింగు పగిలింది. వేడి ఆపడానికి గొట్టానికి రాతినార తాడు, అదే ఆస్బెస్టాస్, చుడితే, ఉన్న సందును తాడే తినేసింది. ప్రతిసారీ పిండి పెట్టాను, ప్రతిసారీ ముద్ద ఇంకా పలచగా వచ్చింది. ఒక సాయంత్రం బావ బోల్టులు బిగించే పానాలు కడిగి సంచిలో పెట్టేశాడు.

“నీ కొలత బాగానే ఉన్నాది బావా. సోటే నేదు,” అన్నాడు.

వారం తిరగకముందే ఆ ఇంజిన్ వేరేవాళ్ల పడవలోకి వెళ్లింది, దానితోపాటు నడిపేవాడూ వెళ్లాడు. గుమ్మం దగ్గర అక్క ఒక్క మాటే అడిగింది, “మరి ఒట్టో?”

“నాను తప్పనేదే. కొండదాకా ఎల్లేను. మలుపు తిప్పనివ్వంది ఆయనే,” అన్నాడు.

అక్క దేవుడితో వాదించలేదు.

కారు డోర్లు ఎవరో పట్టుకుపోయారు. వెనక సీటు ఇప్పటికీ అక్క వాళ్ల అరుగు మీద ఉంది. వేటకు వెళ్లిన పడవలు తిరిగొచ్చే తెల్లవారుజామున ఆమె దాని మీదే కూర్చుంటుంది. అన్ని పడవల మోతలోనూ ఆ ఇంజిన్ చప్పుడు వేరుగా పోల్చుకుంటుంది. కారులో కూర్చుని అంత దగ్గరగా ఒకసారి విన్నది కదా. ఈ పదేళ్లలో బయట ఊరు ఎంత పెరిగినా, ఆ అరుగు మీద కాలం ముందుకు వెళ్లిందని అనుకోను. ఆ చప్పుడు వినిపించేదాకా అక్కడ కాలం ఆగుతుంది, వినిపించాక ఇంకో వేటదాకా కదులుతుంది.