బిస్కెట్ డబ్బాలో పన్నెండు పాపాలు

మా స్కూల్లో మూడో తరగతి టీచరమ్మను పిల్లలు చీమిడి టీచర్ అనేవారు. పిల్లలదాకా ఎందుకు, స్టాఫు గదిలో మేమూ చాటుగా అదే అనేవాళ్ళం. ఏడాది పొడుగునా జలుబే ఆవిడకు. ఎడమ గుప్పిట్లో ఎప్పుడూ ఒక జేబురుమాలు, అది తడిసి ముద్దయితే చీర కొంగు. పొద్దున్నే హాజరుపట్టీ ఇవ్వడానికి ఆఫీసులోకి వచ్చి, నా బల్ల అంచు పట్టుకుని నిలబడి, "బావున్నారా అండీ?" అని అడిగి, జవాబు వినేలోపే ఒక తుమ్ము తుమ్మేది. ఆవిడ గుమ్మం దాటగానే సొరుగులోంచి స్పిరిటు సీసా తీసి, దూదితో బల్ల అంచంతా రుద్ది రుద్ది తుడిచేదాన్ని. అలా పంతొమ్మిదేళ్ళు తుడిచాను.

నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. టైపు మిషన్లు అటకెక్కి కంప్యూటర్లు వచ్చినా అందరికీ టైపమ్మనే. స్కూలు సిస్టర్లది. ప్రభుత్వం చెయ్యి లేదు, హాస్టలు లేదు. ఎనిమిదింటికి గంట కొడితే పిల్లలు లోపలికి, నాలుగింటికి కొడితే బయటికి. మధ్యలో ప్రార్థన, పాఠాలు, జ్ఞానోపదేశం క్లాసు, మళ్ళీ ప్రార్థన. చాపెల్ పక్క వరండాలో నడిస్తే ఒక పక్కనుంచి సాంబ్రాణి, ఇంకో పక్కనుంచి మరుగుదొడ్ల ఫినాయిలు. ఆ రెండూ కలిసిన కంపు నా చీరల్ని ఎన్నిసార్లు ఉతికినా పోదు. సీట్లిచ్చే నెల వచ్చిందంటే ఇంకా రోత. ఏడాదంతా చర్చి గడప తొక్కని తల్లిదండ్రులు చేతికి జపమాల చుట్టుకుని, హెడ్ సిస్టర్ కంటపడేలా ముందు బెంచీ దగ్గర మోకరిల్లుతారు. సీటు వచ్చిన మర్నాటినుంచి మనిషీ కనపడడు, మాలా కనపడదు. వాళ్ళ దరఖాస్తులన్నీ నా చేతిమీదుగా పోయేవే కాబట్టి ఎవరి భక్తి ఎన్నాళ్ళదో నాకు బాగా తెలుసు.

చీమిడి టీచర్ అలాంటిది కాదు. ఆమాటకొస్తే ఎలాంటిదీ కాదనుకునేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషి. హెడ్ సిస్టర్ ఎదురైతే గోడకు అతుక్కుపోయేది. మీటింగుల్లో చిట్టచివరి కుర్చీ ఆవిడది. భర్త పోయిన అక్కతో కలిసి ఒక్క గది వాటాలో ఉండేది. మధ్యాహ్నం అక్క కట్టిచ్చిన డబ్బాను, పక్కవాళ్ళు తన జలుబు చూసి ముఖం చిట్లిస్తారని, మెట్ల కింద ఒంటరిగా కూర్చుని తినేది. చిట్లించేవాళ్ళలో నేను మొదటిదాన్ని. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకు మూడో తరగతే. ఎనిమిదేళ్ళ పిల్లల్ని మొదటి పాపసంకీర్తనానికి తయారుచేసేదీ ఆవిడే.

చాపెల్లో ఒక మూల చెక్కతో కట్టిన చిన్న గూడుంది. అటు ఫాదర్ కూర్చుంటారు. ఇటు మనం మోకరిల్లి, జాలీలోంచి మన తప్పులు మనమే ఆయన చెవిన వేయాలి. పాపసంకీర్తనమంటే అదే. పిల్లలు దాన్ని పెట్టె అంటారు. అసలు రోజున బెదిరిపోకుండా ఉండాలని, ఫాదర్ కూర్చునే చోట టీచరు కూర్చుని, ముందే ఒకసారి ఉత్తుత్తి సంకీర్తనం చేయిస్తుంది.

ఒక ఏడాది ఒక పాపకు అది ఉత్తుత్తిదని అర్థంకాలేదు. నాన్న అమ్మను బెల్టుతో కొడుతుంటే మంచం కింద దాక్కున్నాననీ, అడ్డం వెళ్ళలేదనీ, అదే తన పాపమనీ ఏడుస్తూ చెప్పేసింది. వెనకాల వరసలో నిలబడ్డ ముప్ఫై మందీ విన్నారు. సాయంత్రం గేటు దగ్గర తల్లులు గుంపులు గుంపులుగా చేరి, చెంపలు నొక్కుకుంటూ, మరీ మరీ అడిగి చెప్పించుకున్నారు. ఛీ, ఆ ముఖాల్లో ఎంత ఆనందమో! మర్నాడు చీమిడి టీచర్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, చిన్న సాయం చేస్తారా? పిల్లల సొంత సంగతులు ఇలా బయటికి రాకూడదండీ. ఎవరివీ కాని పాపాలు కొన్ని రాసుకొచ్చాను. టైపు చేసిపెడితే చీటీలుగా కత్తిరించుకుంటాను."

మొత్తం పన్నెండు. చెల్లిని గిల్లాను. అన్నం పారేసి తిన్నానని చెప్పాను. ప్రార్థనలో నవ్వాను. నాది కాని వస్తువు తీసి దాచుకున్నాను. అన్నీ ఇలాంటివే.

"ఇంతకన్నా మంచి పాపాలు తెలీవా టీచర్ గారూ మీకు?" అన్నాను.

ఆవిడ నవ్వింది, తుమ్మింది. కాగితం ఇచ్చి పంపించి బల్ల తుడుచుకున్నాను. ఆ చీటీలు మడిచి ఒక బిస్కెట్ డబ్బాలో వేసి ఏటా పిల్లలచేత తీయించేది. ఎవరికి ఏది వస్తే పెట్టె దగ్గర అది చెప్పాలి, చీటీ తిరిగి డబ్బాలో వేయాలి. నలిగి చిరిగినప్పుడల్లా నేను కొత్తవి తీసిచ్చేదాన్ని. పైవాళ్ళకు చెప్పేంత సంగతని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

నిరుడు కొత్త హెడ్ సిస్టర్ వచ్చింది. తేనె పూసిన గొంతు. "బంగారూ" అనకుండా మాట మొదలుపెట్టదు. వచ్చిన నెలకే ఒక సర్క్యులరు, అదీ నాచేతే కొట్టించింది. అనుమతి లేకుండా ఆఫీసు కంప్యూటరు మీద ఒక్క కాగితం తీసినా ఉద్యోగం ఊడుతుందని దాని సారాంశం. అది గోడకు అంటించిన తర్వాత కూడా నేను ఒకసారి చీటీలు తీసిచ్చాను. పన్నెండు ముక్కలకు అనుమతేమిటి, నా మొహం, అనుకున్నాను. ఇప్పుడు నాకు రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది.

ఈ ఏడు బిషప్ గారు వస్తున్నారని స్కూలంతా సున్నాలు, రంగులు. ఆ హడావిడిలో చాపెల్లో పూజప్పుడు మోగించే వెండి గంట మాయమైంది. అది స్కూలు కమిటీ పెద్దాయన తన తల్లి జ్ఞాపకంగా ఇచ్చిన గంట. బుధవారం పోయిందని తెలిసింది. గురువారం మూడో తరగతి వాళ్ళ ఉత్తుత్తి సంకీర్తనం. హెడ్ సిస్టర్ చాపెల్ వెనక తలుపు తీసే సమయానికి పెట్టె దగ్గర పిచ్చుక మోకరిల్లి ఉంది. పిచ్చుకంటే మా వరండాలు కడిగే ఆయా కూతురు. ఉచిత సీటు మీద చదువుతోంది. కూడబలుక్కోకుండా చదవడం ఈమధ్యే పట్టుబడింది, అందుకని ఏది చదివినా పైకప్పు ఎగిరిపోయేలా చదువుతుంది.

"నాది కాని వస్తువు తీసి దాచుకున్నాను!"

హెడ్ సిస్టర్ చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయింది. శుక్రవారం చీమిడి టీచర్ జ్వరంతో రాలేదు. శుక్రవారమే విచారణ పెట్టారు.

గదిలో హెడ్ సిస్టర్, కమిటీ పెద్దాయన, చేతులు తుడుచుకోవడం కూడా తోచక తడి చేతులతోనే నిలబడ్డ ఆయా, పిచ్చుక. రాసుకోవడానికి నేను.

"గంట ఎక్కడ పెట్టావు బంగారూ?"

"ఏ గంట సిస్టర్?"

"నిన్న నువ్వే చెప్పావుగా. నా చెవులారా విన్నాను."

"అది నాది కాదు సిస్టర్. చీటీలోది. టీచర్ డబ్బాలో చీటీ."

"వేలెడంత లేదు, ఎంత కథ అల్లిందో చూశారా?" అన్నాడు పెద్దాయన, బిస్కెట్ టీలో ముంచుకుంటూ. నానిన ముక్క ఊడి ఆయన గడ్డం మీద అంటుకుంది. తుడుచుకోను కూడా లేదు.

"అమ్మా, మా ఇల్లు ఒక్క గదే అమ్మా. ఇప్పుడే వచ్చి వెతుక్కోండి," అంది ఆయా. "దాని చదువు మాత్రం తీసెయ్యకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

హెడ్ సిస్టర్ నావైపు తిరిగింది. "టైపమ్మా, మీరు ఇన్నేళ్ళనుంచి ఉన్నారు కదా. ఇక్కడ అలాంటి చీటీలు ఎప్పుడైనా చూశారా?"

ఆవిడ తలవెనక గోడ మీదే ఉంది నేను కొట్టిన సర్క్యులరు. పిచ్చుక నా నోటివైపే చూస్తోంది, పెద్దవాళ్ళు నిజమే చెబుతారని నమ్మే వయసు కదా.

"నాకేం తెలుసు సిస్టర్, నేను ఆఫీసు మనిషిని," అన్నాను.

తూ. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

"సోమవారానికి టీసీ సిద్ధం చేయండి. ప్రవర్తన బాగోలేదని రాయండి," అంది సిస్టర్. ఆ మాట రాసిన టీసీ పట్టుకెళితే ఇంకే స్కూలూ గేటు తీయదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా కొట్టాను. ఒక్క తప్పు కూడా పోలేదు. ఇంటికెళ్ళి అన్నం కలిపితే ముద్ద నోటిదాకా రాలేదు, చెయ్యి కడిగేసుకున్నాను. చీమిడి టీచర్ ఫోను నంబరు నా దగ్గరుంది. శనివారం చేయలేదు, ఆదివారం చేయలేదు. జ్వరంతో ఉన్న మనిషిని కదిలించడమెందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత దయగలదాన్నో నేను!

సోమవారం గేటు దగ్గరే ఆయా ఆవిడకు అంతా చెప్పింది. చంకలో బిస్కెట్ డబ్బాతో ఆఫీసులోకి వచ్చింది చీమిడి టీచర్. కళ్ళు ఎర్రగా, ముక్కు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నా బల్ల దగ్గర ఆగలేదు. బావున్నారా అని అడగలేదు. తలుపు తట్టకుండా హెడ్ సిస్టర్ గదిలోకి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ తలుపు తట్టకుండా తీయడం అదే మొదటిసారి. కాసేపటికి సిస్టర్ గొంతు లేచింది. అందులో బంగారం లేదు. పది నిమిషాల తర్వాత ఆవిడ ఖాళీ డబ్బాతో బయటికి వచ్చి, ముక్కు తుడుచుకుంటూ క్లాసుకు వెళ్ళిపోయింది.

నన్ను పిలిచారు. బల్ల మీద పన్నెండు చీటీలూ పరిచి ఉన్నాయి. నా అక్షరాలే.

"ఆ టీసీ చించెయ్యండి. పిల్ల చెప్పింది నిజమే," అంది హెడ్ సిస్టర్. "పవిత్రమైన సంస్కారాన్ని పట్టుకుని చీటీలాట ఆడించింది ఈ మనిషి. శుక్రవారం సాయంత్రానికి పంపించేస్తున్నాం. లెటరు కొట్టండి. ఆఁ, ఇంకో మాట. మీ కంప్యూటరు అలా వదిలేసి వెళ్ళకండి. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు మీ కుర్చీలో కూర్చుని ఇవన్నీ తనే టైపు చేసుకుందట."

ఆవిడకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. పరీక్షల మార్కులు కూడా చేత్తో రాసుకొచ్చి నాకిచ్చేది.

"అలాగే సిస్టర్, జాగ్రత్తగా ఉంటాను," అన్నాను.

బుధవారం గంట దొరికింది. దొరకడమేమిటి, కమిటీ పెద్దాయన భార్య స్వయంగా పట్టుకొచ్చింది. బిషప్ గారొస్తున్నారు కదా అని మెరుగు పెట్టించడానికి తీసుకెళ్ళిందట, ఎవరికీ చెప్పడం తట్టలేదట. "ఎలా తళతళలాడుతోందో చూడండి!" అని గదిగదికీ తిప్పి చూపించింది. వరండా కడుగుతున్న ఆయా పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఆయాతో ఎవరూ ఒక్క ముక్క అనలేదు. పొరపాటైందమ్మా అనడానికి ఈ పవిత్రుల నోళ్ళు రాలేదు.

"మరి టీచర్ లెటరు ఆపమంటారా సిస్టర్?" అని అడిగాను. నా మొత్తం ధైర్యం అంతే.

"అది వేరే విషయం బంగారూ," అంది.

శుక్రవారం నాలుగింటి గంట కొట్టాక చీమిడి టీచర్ను మెట్ల దగ్గర ఆపాను. చేతిలో గుడ్డ సంచీ, అందులో ఆ డబ్బా. పిచ్చుక అంతవరకూ ఆవిడ కొంగు పట్టుకునే ఉంది, వాళ్ళమ్మ పిలిస్తే పరిగెత్తింది.

"టైపు చేసింది మీరని ఎందుకు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చేశారని అడిగారండీ. ఏదో ఒకటి చెప్పాలి కదా. మీకింకా రెండేళ్ళుంది." జేబురుమాలు వెతుక్కుంది, దొరక్క కొంగుతో తుడుచుకుంది. "అబద్ధమే లెండి. రేపు శనివారం, ఫాదర్ వస్తారుగా, చెప్పేసుకుంటాను."

"పోయిన శుక్రవారం విచారణలో నేనూ ఉన్నాను టీచర్ గారూ."

"తెలుసండీ. ఆయా చెప్పింది," అంది. అంతే. వెళ్ళొస్తానండీ అని నా చెయ్యి పట్టుకుని వదిలింది. తడి చెయ్యి.

మర్నాడు నేనూ చాపెల్ కి వెళ్ళాను. పెట్టె ముందు వరసలో ఆవిడ నాకంటే నలుగురు ముందుంది. నన్ను చూడలేదు. ఆవిడ వంతు వచ్చింది, మోకరిల్లింది, ఒక తుమ్ము వినపడింది, ఆ తర్వాత చిన్నగా గొణుగుడు. నన్ను కాపాడడానికి ఆడిన అబద్ధానికి ఆవిడ క్షమాపణ అడుగుతోంది. లేచి, బెంచీలో కూర్చుని ప్రాయశ్చిత్తం జపం చెప్పుకుని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. వరస ముందుకు జరిగింది. నాకు ముందు ఇద్దరు, తర్వాత ఒక్కరు. ఆ ఒక్కరూ లేచేలోపే నేను వరసలోంచి తప్పుకుని ఇంటికి వచ్చేశాను.