లాంప్ రూంలో ఖాజన్న నోట్‌బుక్

నిన్న పొద్దున వాట్సాప్‌లో మెసేజ్. ఖాజన్న లేడు.

నమ్మలేదు. పంపినవాడి నంబర్ తెలియదు, అందులో ఖాజన్న ఫోటో కూడా పాతది. ఎవడో ఆట పట్టిస్తున్నాడనుకున్నా. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

ఫోన్ చేస్తే వాళ్ల అమ్మాయి ఎత్తి, మాట్లాడలేక ఏడ్చింది. చెప్పులేసుకుని బయల్దేరా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఎనభైల చివర్లో, గోదావరిఖనిలో మా గని లాంప్ రూంలో ఖాజన్న డ్యూటీ. దిగే ముందు మన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే నెత్తికి పెట్టుకునే లైటు ఇచ్చేవాడు. పైకొచ్చి లైటు ఇస్తే బిళ్ళ తిరిగిచ్చేవాడు.

అదే కిటికీలోంచి పుస్తకాలూ ఇచ్చేవాడు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, చదివేదంతా తెలుగే. డిటెక్టివ్ నవలలు, కథలు, కవితలు. అన్నీ ఫ్రీ.

ఒకటే కండిషన్. వాపస్ ఇచ్చేటప్పుడు ఎట్లుందో చెప్పాలి. ఊరికే "మంచిగుంది" అంటే బిళ్ళ ఇవ్వకుండా నిలబెట్టేవాడు.

మనం చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. పేరుతో సహా.

అక్కడే నాకు తేడా కొట్టింది. నేను డిటెక్టివ్ నవలల పిచ్చోణ్ణి. మరీ మంచిగా ఉండేవాణ్ణే ముందు అనుమానించాలని వాటిలో నేర్చుకున్నా.

నక్సలైట్ల కోసమని ఎవరు ఏం చదువుతున్నారో కూడా పోలీసులు ఆరా తీసే రోజులవి. కవితల పుస్తకం తీసుకెళ్లిన మా షిఫ్టు మల్లేశాన్ని వారం తిరక్కుండానే స్టేషన్‌కు పిలిపించారు.

నాకు కేసు తేలిపోయింది. ఖాజన్న ఇన్ఫార్మర్.

ఒక వీక్లీ ఆఫ్ నాడు ఆయన వెనకాలే పెద్దపల్లి బస్సెక్కా. పాత పేపర్ల కొట్లో కూర్చుని రెండు గంటలు పుస్తకాలు ఏరుకున్నాడు. అంతే. నన్ను చూసి జాగ్రత్త పడ్డాడనుకున్నా.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుని మిర్చి బజ్జీల పొట్లం చాపాడు. దాని మీదా అనుమానమే. తినడం మాత్రం తిన్నా, సిగ్గులేకుండా.

మర్నాడు షిఫ్టులో అందరి చెవినా వేశా. నెలకల్లా ఆ కిటికీ దగ్గర పుస్తకం ముట్టినవాడు లేడు. ఖాజన్న ఎవర్నీ ఏమీ అడగలేదు.

మల్లేశాన్ని పిలిచింది వాళ్ల బామ్మర్ది గొడవ గురించని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడైనా వెళ్లి తప్పు ఒప్పుకోవాల్సింది. మొహం చెల్లలేదు.

నిన్న మట్టి ఇచ్చి వచ్చాక వాళ్ల అమ్మాయి షబానా ఆ నోట్‌బుక్ తెచ్చింది.

"కాకా, అబ్బా దీన్ని ఎవ్వరికి ఇయ్యలే. మీ పేరు గూడ ఉన్నది, చూడున్రి."

తెరవాలంటే భయమేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏముందోనని అనుమానం.

మల్లేశం, కవితలు: "సగం కాయితం ఖాళీగనే ఇడిసిండ్రని తిట్టిండు. మళ్ల అదే బుక్కు అడిగిండు."

ఒక ఫిట్టర్, కథలు: "కథ అయిపోయినా, ఆ ముసలమ్మ అన్నం తిన్నదా లేదా అని రెండు రోజులు అడిగిండు."

నోట్‌బుక్ నిండా ఇవే.

ఒక పేజీలో నేను.

"రాజయ్య, డిటెక్టివ్ నవల. పదో పేజీల్నే హంతకుణ్ణి పట్టిన అని వాపస్ ఇచ్చిండు. పట్టింది తప్పు మనిషిని. ఆఖరిదాక చదువుమని చెప్పాలె."

ఆ మాట చెప్పే సందు నేనే ఇవ్వలేదు.

ఖాజన్నా, ఆఖరిదాక చదివిన. తప్పు మనిషినే పట్టిన. మాఫ్ చెయ్యి.

ఇగ నిమ్మళంగ పండుకో, అన్నా.